ఐదో అడుగు

ఆదివారం, వంటింటి బల్ల దగ్గర

శ్రీవారికి,

మీ ఎనిమిదో నోటుబుక్కు చేరింది. తడిసి చేరింది. వాన జల్లు లోపలికి కొట్టకుండా బస్సు కండక్టరు దాన్ని పగిలిన కిటికీకి అడ్డం పెట్టాడట. "ఏవో పాదాలే కదమ్మా, చదివేదేముందిలే అనుకున్నాను" అన్నాడు. పన్నెండేళ్ళ పరిశోధన కనీసం ఒక కిటికీ అద్దం పనికైనా వచ్చింది, సంతోషించండి.

ఆరు వారాల్లో వచ్చేస్తానని వెళ్ళారు. ఐదు నెలలైంది. మీరక్కడ కొండ మీద కూర్చుని ఆడవాళ్ళు నాట్యం చేస్తుంటే గళ్ళ కాగితం మీద పాదాలు గీయడం, అవి బస్సులో దిగిరావడం, నేను పొద్దుటినుంచీ ఆస్పత్రిలో మనుషుల కాళ్ళు చేతులు వంచి వంచి ఇంటికొచ్చి వాటిని ఇంకు పెన్నుతో దించడం. నల్ల పాదమైతే బరువు మోసేది, తెల్ల పాదమైతే గాల్లో ఉన్నది. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ తడిసిన పుస్తకంలో అన్ని పాదాలూ బూడిదరంగులోకి దిగితే నేనేం చెయ్యను? లేచి నిలబడి, మీరు రాసిన లెక్క ప్రకారం నేనే అడుగులు వేసి, ఏ కాలు నేల మీదుందో చూసుకుని, మళ్ళీ కూర్చుని గీస్తున్నాను. నిన్న సాయంత్రం పంతొమ్మిదో ఊరి గెంతు గెంతుతుంటే కింది వాటా టీచరమ్మ చీపురుకర్రతో సీలింగు పొడిచింది. ఈ వయసులో నాకేమిటండీ ఈ గంతులు!

మీ డిపార్టుమెంటు సూపరింటెండెంటు మొన్న ఆస్పత్రికే వచ్చి చెప్పాడు. నెలాఖరులోగా పుస్తకం వాళ్ళ ఆఫీసులో ఉండాలి. లేకపోతే ఖాళీగా ఉన్న ఆ ఒక్క ఉద్యోగమూ కుండల ఆయనకి పోతుంది. ఆయన పాతకాలపు కుండల మీద గీతలన్నీ లెక్కపెట్టి, టైపు చేయించి, బైండు కూడా చేయించాడట. కుండలు కదలవు కాబట్టి ఆయన పని తొందరగా అయింది, మీవి కదిలే కాళ్ళు అని మీరు అంటారు. అనండి. ఈ తాత్కాలికపు ఉద్యోగంతో పన్నెండేళ్ళు నెట్టుకొచ్చారు, పదమూడో ఏడు ఉంచుకోరని మాత్రం వాడు ఖాయంగా చెప్పాడు.

మిగతా అధ్యాయాలు వెంటనే పంపండి. పుస్తకాన్ని కండక్టరుకి కాకుండా డ్రైవరుకి ఇవ్వండి.

చిరాకుతో,
మీ ఇంటావిడ


మంగళవారం, పై ఊరు

ప్రియమైన డాక్టరమ్మకి,

నీ ఉత్తరం చదివి కండక్టరు మీద కోపం వచ్చింది, ఆ తర్వాత నువ్వు పంతొమ్మిదో ఊరి గెంతు గెంతుతున్నట్టు ఊహించుకుని నవ్వొచ్చింది. నవ్వినందుకు తిట్టకు. దీంతో తొమ్మిదో నోటుబుక్కు పంపుతున్నాను, డ్రైవరు చేతికే. దీంట్లోనే నా ప్రాణమంతా ఉంది.

నీకు ఎప్పుడు చెప్పబోయినా ఆవలిస్తావు కాబట్టి కాగితం మీద చెబుతాను, దీన్ని ఆపలేవు. ఈ కొండల్లో నలభై ఒక్క ఊళ్ళు తిరిగాను. అన్నిచోట్లా నూర్పిళ్ళయ్యాక ఆడవాళ్ళు ఒకరి భుజం ఒకరు పట్టుకుని వరసగా ఆడే నాట్యం ఒకటే. ఆరు అడుగులు. ఐదో అడుగులో ఎడమకాలి మీద నిటారుగా నిలిచి, కుడికాలు గాల్లో పెట్టి, ఒక డప్పు దెబ్బ పూర్తిగా ఆగాలి. ముప్ఫై తొమ్మిది ఊళ్ళలో ఇంతే. రెండు ఊళ్ళలో మాత్రం అలా ఆగరు. ఒళ్ళంతా ఎడమవైపుకి వాలుస్తారు, కుడికాలు అరదెబ్బ ముందే దించేస్తారు. డప్పు కూడా అక్కడ అరదెబ్బ మింగేస్తుంది. దీనికి నేను 'వాలు అడుగు' అని పేరు పెట్టాను.

ఆ రెండు ఊళ్ళు ఏవనుకున్నావు? నేనున్న పై ఊరు, ఏటికి ఆవల ఉన్న ఊరు. వీళ్ళ భాష వేరు, వాళ్ళ భాష వేరు. పిల్లనిచ్చుకోరు, పుచ్చుకోరు. మేత బీడు తగాదాతో తాతల కాలం నుంచీ మాటల్లేవు. ఒకరి నాట్యం ఇంకొకరు చూసి నేర్చుకునే ప్రశ్నే లేదు. మరి ఈ ఒక్క అడుగు ఇద్దరి కాళ్ళలోకీ ఎలా వచ్చింది? ఏరు విడదీయకముందు వీళ్ళిద్దరూ ఒకే జాతి కాబట్టి! మాట మారింది, దేవుడు మారాడు, కాలు మాత్రం మారలేదు. నా అంచనాలో వెయ్యేళ్ళు. ఎవర్నడిగినా "ముందునుంచీ ఇంతే" అంటున్నారు. నాలుగు అధ్యాయాలు దీని మీదే. మానవజాతుల చరిత్రని ఎముకలతో రాశారు, కుండలతో రాశారు. అడుగులతో రాసినవాడు లేడు.

ఈ నాలుగు అధ్యాయాల బొమ్మలూ జాగ్రత్తగా దించు. టైపు చేసేవాడికి నువ్వే దగ్గరుండి చెప్పు.

ఎప్పటికీ నీ,
పాదాల పంతులు


శనివారం, మధ్యాహ్నం

శ్రీవారికి,

నేను డాక్టర్ని కాదు, ఫిజియోథెరపిస్టుని, ఇది మీకు ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను. ఈసారి మాత్రం డాక్టర్ని పిలవాల్సిన పనే పడింది, కూర్చుని చదవండి.

మీ వాలు అడుగు బొమ్మ దించుతూ కాలి గుర్తు అర్థంకాక లేచి వేసి చూశాను. ఒకసారి వేశాను. రెండోసారి వేశాను. మూడోసారి నడిమింట్లో అద్దం ముందుకెళ్ళి వేశాను. ఈ అడుగు నాకు తెలుసండీ! వారానికి ఆరు రోజులు దీన్ని చూస్తాను.

ఎవరికైనా తుంటి చెడిందేమోనని అనుమానం వస్తే మేం చేయించే మొదటి పరీక్ష ఏమిటో తెలుసా? ఒంటికాలి మీద నిలబడమంటాం. తుంటి కండరం బాగుంటే మనిషి నిటారుగా నిలుస్తుంది. చెడితే నిలవలేదు. ఒళ్ళు ఆ చెడిన కాలివైపుకే వాలిపోతుంది, గాల్లో ఉన్న కాలు పూర్తిగా ఆగకుండా తొందరగా కిందికి దిగిపోతుంది. సరిగ్గా అరదెబ్బ ముందు. మీరు గీసింది వెయ్యేళ్ళ నాటి అడుగు కాదు, ఎడమ తుంటి. మీ బొమ్మని పేరు చెప్పకుండా మా వార్డులో పనిచేసే సీనియర్ నర్సుకి చూపించాను. "ఈ పేషెంటు కర్ర ఎందుకు వాడటం లేదు?" అంది.

మీరు ఎవర్నడిగినా "ముందునుంచీ ఇంతే" అన్నారంటారా? మా దగ్గరికొచ్చే ముసలమ్మలు "నా కాలు ముందునుంచీ ఇంతేనమ్మా" అంటారు. గుచ్చి గుచ్చి అడిగితే పోయిన మంగళవారం బాత్రూములో పడ్డారని తేలుతుంది. అసలు మీరు అడిగే ప్రశ్నే తప్పు. ఎంత పాతది, ఎంత పాతది అని అడిగితే ఎవరైనా పాతదే అంటారు. మీ మొహంలో ఆశ కనబడుతుంటే కాదనడానికి వాళ్ళకి మాత్రం మనసెలా వస్తుంది?

టైపు మొదలుపెట్టించలేదు. మీ సమాధానం వచ్చాకే.

మీ ఇంటావిడ


బుధవారం

డాక్టరమ్మకి,

'ప్రియమైన' అని రాయలేదని గమనించు.

పన్నెండేళ్ళుగా నేను ఎండనక వాననక తిరిగి, చెప్పులు అరగదీసుకుని, నాలుగు భాషలు వచ్చీరాకుండా నేర్చుకుని తేల్చిన విషయాన్ని నువ్వు నడిమింట్లో అద్దం ముందు మూడుసార్లు గెంతి కొట్టిపారేశావు. పైగా నర్సుకి చూపించావు! రేపు మీ ఆస్పత్రి వాచ్‌మన్‌కి కూడా చూపించు, ఆయన అభిప్రాయం కూడా పుస్తకంలో వేద్దాం.

సరే, నీ దారికే వస్తాను. ఈ వరసలో ముప్ఫై మంది ఉన్నారు. అవతలి ఊళ్ళో ఇరవై ఆరు మంది. యాభై ఆరు మందికీ ఎడమ తుంటే చెడిందా? అదీ ఒకే కొలతలో? పదహారేళ్ళ పిల్లలున్నారు వీళ్ళలో. పగలంతా మూటలు మోసుకుంటూ కొండెక్కుతారు, నేను ఖాళీ చేతుల్తో ఎక్కలేక కూలబడితే నవ్వుతారు. వీళ్ళ తుంటి సంగతి నాకు చెబుతావా? నీకు సుత్తి ఒక్కటే తెలుసు, అందుకని కనబడిందల్లా మేకే.

కనీసం ఒక్కసారి నా మాట విను. నెలాఖరుకి పన్నెండు రోజులే ఉన్నాయి. బొమ్మలు దించు, టైపు చేయించు, ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకో. నా ఉద్యోగం, నా పన్నెండేళ్ళు నీ చేతిలో పెట్టాను. నువ్వు నమ్మక్కర్లేదు, ఇచ్చెయ్యి చాలు.

నీ,
కోపంగా ఉన్న పంతులు


శనివారం

శ్రీవారికి,

ఒంటికాలి మీద లేచారు. ఆ లేచినప్పుడు నిటారుగానే లేచారని అనుకుంటున్నాను, ఎందుకంటే మీ తుంటి బాగుందని నాకు తెలుసు.

టైపు మొదలుపెట్టించాను. మీ పుస్తకం, మీ పేరు, మీ ఇష్టం. దాన్ని నా చేతుల్లో పెట్టుకుని ఇవ్వకుండా కూర్చునేంత దుర్మార్గురాలిని కాదు. టైపు చేసేవాడు నా ప్రాణం తోడేస్తున్నాడు. 'అడుగు' అన్నచోటల్లా 'అడుగున' అని కొడుతున్నాడు, రెండో అధ్యాయంలో మీ నాట్యగత్తెలందరూ ఏటి అడుగున ఉన్నారు. వాడి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను.

కానీ ఒకటి అడుగుతాను. యాభై ఆరు మందికీ తుంటి చెడిందని నేనెప్పుడన్నాను? ఒక్కరికి. ఒక్కరికి చెడితే చాలు. నా ఉత్తరం మళ్ళీ చదవండి. మిగతావాళ్ళు ఎందుకలా వాలుతున్నారో నాకు తెలియదు, అది మీ శాస్త్రం. మీరు నాకు చెప్పాల్సింది పోయి నా మీద విరుచుకుపడితే ఎలా?

ఉండే ఈ నాలుగు రోజుల్లోనైనా రెండు పనులు చెయ్యండి. ఒకటి, ఎప్పుడూ ఎదురుగా నిలబడి పాదాలు గీయడం మాని వెనక్కి వెళ్ళి నిలబడండి. నడక వెనకనుంచే తెలుస్తుంది. రెండు, ఎంత పాతది అని అడక్కండి. ఎవరిది అని అడగండి.

వచ్చేటప్పుడు ఆ అరిగిన చెప్పులు అక్కడే పారేసి రండి.

మీ ఇంటావిడ


ఇరవై నాలుగో తారీకు

ప్రియమైన డాక్టరమ్మకి,

అడిగాను. నీ నోరు మూయించడానికే అడిగాను. "ఈ అడుగు ఎవరిది?" అంటే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. దర్జీ పెద్దమ్మ, ఈ ఊరి వరసలో అందరికంటే పెద్దావిడ, "ఎవరిదేముందయ్యా, అందరిదీ" అంది. విన్నావా? అందరిదీ! జాతి మొత్తానిదీ అన్నమాట. ఇంతకన్నా ఏం సాక్ష్యం కావాలి?

ఆవిడ ఆ మాటని తల వంచుకుని సూదిలో దారం ఎక్కిస్తూ అంది, అది కూడా నిజాయితీగా నీకు చెబుతున్నాను. నువ్వు దాన్నుంచి ఏం లాగుతావో లాగు.

పుస్తకం ఇచ్చెయ్యి. ఇక ఆలస్యం చెయ్యకు.

నీ,
పంతులు


ఇరవై ఎనిమిదో తారీకు, ఆస్పత్రినుంచి

శ్రీవారికి,

ఇచ్చేశాను. ఈ ఉదయం పది గంటలకి. రసీదు ఇందులో జత చేశాను, పారేసుకోకండి. సూపరింటెండెంటు పేజీలు తిప్పి "పాదాలు చాలా శుభ్రంగా వచ్చాయండీ" అన్నాడు. నేను గీసినవి అని చెప్పలేదు.

ఇచ్చేముందు ఆ వాలు అడుగు బొమ్మ ఇంకోసారి తెరిచి చూశాను. అయినా ఇచ్చాను. మీరు గెలవాలనే ఉంది నాకు, నేను ఎంత వాదించినా. ఇంక ఇంటికి రండి.

ఇద్దరు పేషెంట్లు ఎదురుచూస్తున్నారు. ఉంటాను.

మీ ఇంటావిడ


ఇరవై ఏడో తారీకు, పై ఊరు

నా ప్రియమైన,

పుస్తకం ఇవ్వద్దు. ఇంకా ఇవ్వకపోయి ఉంటే దయచేసి ఇవ్వద్దు. ఈ ఉత్తరం నీకు చేరేసరికి నెలాఖరు దాటుతుందేమోనని భయంగా ఉంది. బస్సు గురువారం వరకూ లేదు, ఇక్కడ ఫోను లేదు, ఏం చెయ్యాలో తోచక రాస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం నూర్పిడి కళ్ళంలో ఆడవాళ్ళు సాధన చేసుకుంటుంటే, నువ్వన్నట్టు వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. వరసలో ఒక కొత్త పిల్ల ఉంది. మిల్లులో పనికి కింది ఊరినుంచి వచ్చింది, అది ఆ ముప్ఫై తొమ్మిది ఊళ్ళలో ఒకటి. అలవాటు కొద్దీ ఐదో అడుగులో ఎడమకాలి మీద నిటారుగా నిలబడింది. చక్కగా, స్తంభంలాగా.

దర్జీ పెద్దమ్మ డప్పు ఆపించింది. ఆ పిల్ల మీద ఇంతెత్తున లేచింది. "అలా నిక్కి నిలబడతావేమే? ముందావిడ చూస్తే మనసెంత కష్టపెట్టుకుంటుంది!"

వరసలో ముందుండేది ఇప్పుడు మంత్రసాని. బండలాంటి మనిషి. ఆవిడ వెనక్కి తిరిగి, "నాకేం కష్టం? దాని కాళ్ళు, దాని ఇష్టం" అంది.

"నువ్వు కాదే," అంది దర్జీ పెద్దమ్మ. "ఆవిడ."

అంతే, పెద్దవాళ్ళందరూ గతుక్కుమన్నారు. చిన్నవాళ్ళు "ఏ ఆవిడ?" అన్నారు. నేనూ అన్నాను. చివరికి దర్జీ పెద్దమ్మ కూర్చుని, మొహం కొంగుతో తుడుచుకుని చెప్పింది.

తాళ్ళు పేనే ఆవిడ ఒకావిడ ఉండేదట. ఇరవై ఏళ్ళపాటు ఈ వరసకి ముందు నడిచింది. నాలుగో కాన్పులో ఎడమ తుంటి పోయింది. ఆ ఏడు నాట్యానికి రాలేదు, గోడవారన నిలబడి చూసింది. మరుసటేడు వీళ్ళే చెయ్యిపట్టి లాక్కొచ్చారు. ఐదో అడుగు దగ్గర ఆవిడ ఒళ్ళు వాలిపోయింది, కాలు ముందే నేలకి తగిలింది. చూసేవాళ్ళలో ఎవరో నవ్వారు. రెండో చుట్టులో పక్కనున్నావిడ కూడా వాలింది. మూడో చుట్టుకి వరసంతా వాలింది. డప్పు వాయించేవాడు అరదెబ్బ మింగేశాడు.

"ముందే అనుకున్నారా?" అన్నాను.

"అనుకుంటే ఆవిడకి తెలిసిపోదూ!" అంది నా తెలివికి జాలిపడుతూ.

ఇప్పుడు చెప్పేది నిలబడి చదవకు. ఆ రోజు నాట్యమయ్యాక తాళ్ళావిడ వీళ్ళనడిగిందట, "ఏమర్రా, ఆ అడుగు మార్చారేం?" అని. వీళ్ళందరూ ఒక్క గొంతుతో, "మార్చడమేంటి? ముందునుంచీ ఇంతే. ఒక ఏడు రాకపోయేసరికి మర్చిపోయినట్టున్నావు" అన్నారట. ఆవిడ నమ్మిందో, నమ్మినట్టు నటించిందో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత ఎవరడిగినా అదే మాట. కూతుళ్ళడిగినా అదే. నేనడిగితే నాకూ అదే. ముందునుంచీ ఇంతే. ఒకావిడ మనసు నొప్పించకుండా చెప్పిన అబద్ధాన్ని నేను పన్నెండేళ్ళుగా వెయ్యేళ్ళ సాక్ష్యంగా రాసుకున్నాను. వెయ్యేళ్ళు కాదు, నలభై నాలుగేళ్ళు. నీకంటే ఏడాది చిన్నది ఈ అడుగు.

ఈ ఉదయం ఏరు దాటి అవతలి ఊరు వెళ్ళాను. తాళ్ళావిడ తగాదాని లెక్కచెయ్యకుండా చివరి ఆరేళ్ళూ అక్కడి తాళ్ళ కార్ఖానాలో పనిచేస్తూ అక్కడే ఉండిపోయిందట. మొదటిసారి వాళ్ళ వరసలో నిలబడ్డ రోజునే వాళ్ళూ వాలారు. "పై ఊరివాళ్ళు చెప్పారా?" అని అడిగాను. "వాళ్ళతో మాకు మాటలెక్కడివి? చూస్తే తెలియదా ఏంటి?" అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు. "పైవాళ్ళు నిక్కి నిక్కి ఎగిరి ఆ తల్లిని ఏడిపించి ఉంటారు, అందుకే ఇటొచ్చింది పాపం." పై ఊళ్ళో అవతలివాళ్ళ గురించి సరిగ్గా ఇదే అనుకుంటున్నారు. ఆవిడ పోయి ముప్ఫై ఒక్క ఏళ్ళయింది. ఇప్పటికీ నిటారుగా నిలబడితే ఆవిడ నొచ్చుకుంటుందని రెండు ఊళ్ళూ భయపడుతున్నాయి.

నువ్వు ఎప్పుడూ చూడని మనిషిని నా వంకర బొమ్మలోంచి గుర్తుపట్టావు. నేను ఎదురుగా నిలబడి కూడా చూడలేదు. సిగ్గుగా ఉంది. నీ మీద అరిచినందుకు ఇంకా సిగ్గుగా ఉంది.

నాలుగు అధ్యాయాలూ తప్పు. మళ్ళీ రాయాలి. మిగతా ముప్ఫై తొమ్మిది ఊళ్ళకీ మళ్ళీ వెళ్ళాలి, ఈసారి ఎంత పాతది అని కాకుండా, ఏ విరుపు ఎవరిది, ఏ గెంతు ఎవరిది అని అడుగుతూ. ఒక్కో నాట్యంలో ఎందరు మనుషులు దాక్కుని ఉన్నారో! అడుగులతో జాతుల చరిత్ర రాస్తానన్నాను. ఆ రెండు ఊళ్ళు ఒకటేనని నేనన్నది అబద్ధం కాదేమో, నేను చూపించిన కారణమే తప్పు.

ఉద్యోగం పోతుందని తెలుసు. ఆ సంగతి నీకు ఎలా చెప్పాలో తెలియక ఇంత పొడుగు రాశాను. నన్ను తిట్టు, కానీ పుస్తకం ఇవ్వద్దు.

నీ,
పంతులు


ఆరో తారీకు, వంటింటి బల్ల దగ్గర

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం మూడో తారీకున చేరింది. అప్పటికి పుస్తకం ఇచ్చి ఐదు రోజులు. నాకొచ్చిన కోపం మీ మీదా, బస్సు మీదా, నా మీదా అని తేల్చుకోలేక ముందు ఇల్లంతా ఊడ్చాను. "ఇచ్చెయ్యి, ఇచ్చెయ్యి" అని రెండు ఉత్తరాలు రాసి, ఇచ్చాక "ఇవ్వద్దు" అంటారు! మీతో వేగడం ఆ దేవుడి తరం కూడా కాదు.

నాలుగో తారీకున సెలవు పెట్టి డిపార్టుమెంటుకి వెళ్ళాను. లోపలికొచ్చిన పుస్తకం బయటికి వెళ్ళే పద్ధతే లేదన్నాడు సూపరింటెండెంటు. అర్జీ రాయమన్నాడు. రాశాను. కారణం అన్న గడిలో ఏం రాయాలని అడిగితే, అనారోగ్యం అని రాయండి, అందరూ అదే రాస్తారు అన్నాడు. ఒక రకంగా అదే నిజం కాబట్టి, 'ఎడమ తుంటి' అని రాశాను. ఆ కాగితం చూసి, ఉద్యోగం ఎవరికివ్వాలో తేల్చే కమిటీ పెద్దాయన నన్ను లోపలికి పిలిచారు.

మీ ఉత్తరంలో ఉన్నదంతా ఆయనకి చెప్పాను. సాంతం విన్నారు. తర్వాత తలుపు దగ్గరికి వేసి వచ్చి మెల్లగా అన్నారు, "అమ్మా, ఆ నాలుగు అధ్యాయాలే ఈ పుస్తకంలో గొప్పవి. కమిటీ మొత్తం ఒప్పుకుంది, ఉద్యోగం ఆయనకే. ఇప్పుడు ఎవరో కుంటావిడ గురించి మీరు పైకి చెప్పకపోతే, ఆ కొండలెక్కి సరిచూసేవాళ్ళు ఎవరున్నారు?"

ఎవరూ లేరన్నాను. అది నిజం. మీకు అబద్ధం చెప్పను, పది నిమిషాలు అక్కడే కూర్చుండిపోయాను. నాకు ఆ ఉద్యోగం కావాలి. మీరు ఇంట్లో ఉండటం కావాలి. పన్నెండేళ్ళుగా నేను నోరు పారేసుకుంది దానికోసమే. నోరు మూసుకుని లేచి వచ్చేస్తే చాలు.

కానీ ఆ పుస్తకం అచ్చయితే అందులో తాళ్ళావిడ ఉండదు. వెయ్యేళ్ళ జాతి ఒకటి ఉంటుంది, అసలు లేనిది. ఉన్న మనిషి ఉండదు. ఆవిడ తుంటి బాధ ఎలా ఉండేదో నా చేతులకి తెలుసు. ఆ బాధతో గోడవారన నిలబడ్డ మనిషిని రెండు ఊళ్ళవాళ్ళు వరసలోకి తెచ్చుకున్నారు, మనం పోయి ఆవిడ్ని మళ్ళీ బయటికి నెట్టేద్దామా? ఏడుపొచ్చింది. ఆ పెద్దాయన ముందే ఏడ్చాను, సిగ్గులేకుండా. సంతకం పెట్టి పుస్తకం తెచ్చేసుకున్నాను.

ఉద్యోగం కుండల ఆయనకి వచ్చింది. నిన్న బోర్డు మీద పెట్టారు. పెద్దాయన మాత్రం గుమ్మం దాకా వచ్చి, "ఆ కొత్త అధ్యాయం రాశాక ముందు నాకు చూపించమనండి" అన్నారు. ఆయనా మొహం అటు తిప్పుకునే అన్నారు.

వచ్చే ఏడు ఎలా గడుస్తుందో నాకు తెలియదు, ఇద్దరం కూర్చుని ఆలోచిద్దాం. కానీ ఇక్కడ కాదు. మూడు వారాలు సెలవు అడిగాను, ఇచ్చారు. గురువారం బస్సుకి బయలుదేరుతున్నాను. మీరు ఎదురొచ్చి మొహం వేలాడేసుకుని క్షమాపణలు చెప్పక్కర్లేదు. దర్జీ పెద్దమ్మని అడిగి వరసలో నాకో చోటు ఉంచండి.

ఇరవై రెండేళ్ళుగా మనుషుల్ని నిటారుగా నిలబెట్టడమే నా పని. ఒంటికాలి మీద నాకంటే బాగా నిలబడేవాళ్ళు మా ఆస్పత్రిలో లేరు. ఆవిడ చూస్తుండగా మాత్రం నిలబడను.

బయలుదేరుతున్నాను,
మీ ఇంటావిడ